విండో అంటే ‘గాలి కన్ను’: ఈ మాట పుట్టుక, అర్థాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బస్సెక్కితే విండో సీటు, ఎండలు ముదిరితే విండో ఏసీ, ఊళ్ళో సింగిల్ విండో ఆఫీసు, కంప్యూటర్ తెరిస్తే విండోస్. తెలుగువాళ్ళు రోజూ పలికే ఇంగ్లీషు మాటల్లో ఇదొకటి. దీని వెనక వెయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉంది. మన గవాక్షానికీ, వాతాయనానికీ ఇది నిజంగానే దూరపు చుట్టం. మాటల పుట్టుకల మీద ఇష్టం ఉన్న నాకు ఆ చుట్టరికం తెలిసిన రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఈ మాట గురించి పిల్లలూ పెద్దలూ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

విండో అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

గాలి కన్ను. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది ‘విండ్’, అంటే గాలి. రెండోది అరిగిపోయి చివర ‘ఓ’ ఒక్కటే మిగిలింది. ఒకప్పుడు అది ‘ఔగ’, అంటే కన్ను. రెండూ కలిసి పాత నార్స్ భాషలో ‘విండౌగ’. నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్ ప్రాంతాల్లో, ఓడలెక్కి సముద్రాలు దాటి దాడులు చేసిన వైకింగుల కాలంలో మాట్లాడిన భాష అది.

అంటే ఇది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదా?

కాదు, వైకింగుల దగ్గర నుంచి వచ్చింది. 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని వాళ్ళు దోచుకున్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది దోచుకుని వెనక్కి పోలేదు. పొలాలు దున్నుకుని, పెళ్ళిళ్ళు చేసుకుని ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర భాగాల్లో స్థిరపడ్డారు. రెండు భాషలవాళ్ళు ఇరుగుపొరుగుగా బతికితే మాటలు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడిచి వెళ్తాయి. అలా వెళ్ళిన మాటల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: ఎగ్, నైఫ్, బ్యాగ్, స్కిన్, స్కై, లెగ్. చివరికి హస్బెండ్ కూడా. అది ‘ఇంటి యజమాని’ అని అర్థమిచ్చే నార్స్ మాట. ‘దే’ అనే సర్వనామం సైతం వాళ్ళదే. యుద్ధాల వల్ల మాత్రమే ఇలాంటి మాటలు రావు. ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకున్నవాళ్ళ మధ్యే వస్తాయి.

ఇంగ్లీషు రాతల్లో విండో 13వ శతాబ్దం మొదట్లో కనిపిస్తుంది. అప్పటికే జనం నోళ్ళలో చాలాకాలంగా నలిగి ఉంటుంది.

అంతకుముందు ఇంగ్లీషువాళ్ళు కిటికీని ఏమనేవారు?

‘ఎయ్‌యగ్‌థ్యూర్ల్’ అనేవారు. పలకడం కష్టం కానీ అర్థం సులువు: కంటి బెజ్జం. ఇందులో ‘థ్యూర్ల్’ అంటే బెజ్జం. ఆ ముక్క ఇంకా బతికే ఉంది. ముక్కు రంధ్రాన్ని ఇంగ్లీషులో నాస్ట్రిల్ అంటాం కదా, అది ‘ముక్కు బెజ్జం’. థ్రిల్ అన్న మాట కూడా దాని పిల్లే. పొడిచి బెజ్జం వేయడం అనే అర్థం నుంచి ‘ఒళ్ళు జల్లుమనడం’ దాకా వచ్చింది.

ఇంకో పోటీదారు కూడా ఉండేది. లాటిన్ ‘ఫెనెస్ట్రా’ నుంచి వచ్చిన ‘ఫెనెస్టర్’. ఫ్రెంచి పాలకుల పలుకుబడి వల్ల అది 16వ శతాబ్దం దాకా ఇంగ్లీషులో తిరిగింది. చివరికి వైకింగుల పల్లెటూరి మాటే నిలిచింది. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది. ఫెనెస్ట్రా అన్న మాట వింటే మనసులో ఏ బొమ్మా కట్టదు. గాలి కన్ను అంటే చిన్నపిల్లలకు కూడా కళ్ళముందు కనిపిస్తుంది.

కిటికీని కన్ను అనడం ఏమిటి? గాలికి కన్నేమిటి?

ఇక్కడ కన్ను అంటే చూసే అవయవం ఒక్కటే కాదు, చిన్న రంధ్రం కూడా. ఇంగ్లీషులో సూది బెజ్జాన్ని సూది కన్ను అంటారు. తెలుగులో కొబ్బరికాయకు మూడు కళ్ళున్నాయి, జల్లెడకు కళ్ళున్నాయి. దొంగ గోడకు వేసే కన్నంలోనూ కన్నే వినిపిస్తుంది.

ఇక వైకింగుల ఇల్లు ఎలా ఉండేదో ఊహించుకుంటే రెండో సగం అర్థమవుతుంది. పొడవాటి ఇల్లు, మందపాటి మట్టిగడ్డల గోడలో చెక్క గోడలో, మధ్యలో నేలమీదే పొయ్యి. పక్క గోడలకు ఇప్పటిలాంటి కిటికీలు పెడితే ఆ చలికి బతకలేరు. పైకప్పులోనో గోడ పైభాగంలోనో చిన్న కంత. పొగ దాంట్లోంచే పోవాలి, గాలి వెలుతురు దాంట్లోంచే రావాలి. అద్దం లేదు. కాబట్టి ఆ కంతలో అన్నిటికంటే ముందు తెలిసేది గాలే.

మన గవాక్షానికీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

అమరకోశంలో ‘వాతాయనం గవాక్షః’ అని కిటికీకి రెండు పేర్లు పక్కపక్కనే ఉంటాయి. వాతాయనం అంటే వాతం, అంటే గాలి, నడిచే దారి. గవాక్షం అంటే గోవు కన్ను. సంస్కృతంలో గాలి ఒక మాటలో ఉంది, కన్ను ఇంకో మాటలో ఉంది. వైకింగులు రెండిటినీ ఒకే మాటలో పెట్టుకున్నారు.

అర్థంలో పోలిక ఒక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. ఇక్కడ ధాతువుల్లోనే రక్తసంబంధం ఉంది. ఇంగ్లీషు ‘విండ్’, లాటిన్ ‘వెంటుస్’, సంస్కృత ‘వాత’ మూడూ ‘వీచు’ అనే అర్థమున్న ఒకే ఇండో-యూరోపియన్ (ఈ భాషలన్నిటికీ మూలమైన పాత భాష) ధాతువు నుంచి పుట్టాయి. అలాగే సంస్కృత ‘అక్షి’, లాటిన్ ‘ఓకులుస్’, రష్యన్ ‘ఓకో’ ఒకే కుటుంబం. ఇంగ్లీషు ‘ఐ’, నార్స్ ‘ఔగ’ కూడా ఆ కుటుంబానివేనని భాషాశాస్త్రజ్ఞులు చాలావరకు ఒప్పుకుంటారు. నార్స్ మాటను ముక్కకు ముక్క సంస్కృతంలో పెడితే ‘వాతాక్షం’ అవుతుంది. అలాంటి మాట మన నిఘంటువుల్లో లేదు గానీ, ఉంటే ఎవరికీ కొత్తగా అనిపించదు.

గవాక్షంలోని ‘గో’ కూడా ఇంగ్లీషు ‘కౌ’కి తోబుట్టువే.

ఆవు కన్ను అని ఎందుకన్నారు?

గుండ్రంగానో కోలగానో ఉండే పాత వెంటిలేటర్ కంతలను చూస్తే ఆకారాన్ని బట్టి అన్నారనిపిస్తుంది. సంస్కృతంలో ‘గో’ శబ్దానికి కిరణం అనే అర్థం కూడా ఉంది కాబట్టి, కిరణాలు వచ్చే కన్ను అని చెప్పేవారూ ఉన్నారు. నేను ఆవు పక్షమే. ఎందుకంటే ఈ ఊహ మనవాళ్ళకు ఒక్కరికే రాలేదు. ఫ్రెంచివాళ్ళు గుండ్రటి, కోల కిటికీని ‘ఎద్దు కన్ను’ అంటారు. వెర్సాయ్ రాజభవనంలో ఒక గదికి అందులో ఉన్న కోల కిటికీ వల్ల ఆ పేరే ఉంది. వాళ్ళు మనల్ని చూసి పెట్టుకున్నది కాదు, మనం వాళ్ళను చూసి పెట్టుకున్నదీ కాదు. పశువుల మధ్య బతికిన మనుషులకు ఎక్కడైనా తట్టే పోలిక అది.

శిల్పశాస్త్రం చదివేవాళ్ళు గవాక్షం అనే పేరును గుర్రపునాడా ఆకారంలో ఉండే కమానుకు వాడతారు. అజంతా చైత్యాల (బౌద్ధుల ప్రార్థనా మందిరాల) ముఖభాగం మీద కనిపించేది అదే. అంతదూరం వెళ్ళనక్కర్లేదు. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండమీద రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది, క్రీస్తుపూర్వ కాలం నాటిది. దాని ముఖద్వారం పైన ఈ కమాను ఉంది. లోపల తలెత్తి చూస్తే కొయ్య ఇంటి వాసాల్లాగే రాతి వాసాలు చెక్కి ఉంటాయి. ఆ రాతికి వాసాల అవసరమే లేదు. అయినా కొయ్య ఇల్లు ఎలా ఉండేదో ఆ శిల్పి మర్చిపోలేదు. అప్పటి కొయ్య ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు కాబట్టి, వాటి కప్పు, కమాను ఎలా ఉండేవో ఈ రాళ్ళే మనకు చెబుతున్నాయి.

మరి కిటికీ అనే మాట?

హిందీ ‘ఖిడ్‌కీ’, మరాఠీ ‘ఖిడకీ’, కన్నడ ‘కిటకి’ అన్నీ దీని జ్ఞాతులే. ప్రాకృతం దారిలో వచ్చిన మాట. మొదట్లో దీని అర్థం పక్క తలుపు, చిన్న తలుపు. బెంగాలీలో ‘ఖిడ్‌కి’ అంటే ఇప్పటికీ పెరటి తలుపే. పాత ఇళ్ళ కిటికీ చూస్తే ఈ అర్థం సరిగ్గా సరిపోతుంది. దానికి చట్రం, రెండు చెక్క రెక్కలు, నిలువు ఊచలు, గడియ అన్నీ ఉండేవి. గుమ్మానికున్న సరంజామా అంతా చిన్న కొలతలో ఉన్నట్టే.

పక్క భాషల్లో ఏమంటారు?

తమిళులు ‘జన్నల్’ అంటారు. అది పోర్చుగీసు ‘జనేలా’. మలయాళం ‘జనల్’, బెంగాలీ ‘జానలా’ కూడా ఆ ఓడల మీద వచ్చినవే. జనేలాకు లాటిన్‌లో చిన్న తలుపు అని అర్థం. మన కిటికీ ఊహే మళ్ళీ ఇక్కడ కనిపిస్తుంది. స్పానిష్‌లో ‘వెంతానా’, దాంట్లో ఉన్నది గాలి. రష్యన్‌లో ‘అక్నో’, దాంట్లో ఉన్నది కన్ను. జర్మన్, ఫ్రెంచి, స్వీడిష్ భాషల్లో లాటిన్ ఫెనెస్ట్రా పిల్లలే. డెన్మార్క్, నార్వే భాషలు మాత్రం విండౌగను వదల్లేదు. నార్వేజియన్‌లో అది ‘విందు’గా మారింది. చిత్రం ఏమిటంటే, పాత నార్స్‌ను అందరికంటే భద్రంగా దాచుకున్న ఐస్‌లాండ్‌వాళ్ళు ఈ రోజు కిటికీని ‘గ్లుగ్గి’ అంటున్నారు.

ప్రపంచంలో ఇన్ని పేర్లున్నా, కిటికీని చూసిన మనిషికి తోచింది ఎక్కువగా మూడే: గాలి, కన్ను, చిన్న తలుపు.

కిటికీకి అద్దం ఎప్పుడు వచ్చింది?

రోమన్లు 1వ శతాబ్దంలోనే వాడారు. వాళ్ళ పట్టణం పాంపే శిథిలాల్లో గాజు పలకలు దొరికాయి. కానీ సామాన్యుడి ఇంటికి రావడానికి ఇంకా వెయ్యిన్నర ఏళ్ళు పట్టింది. ఈలోపు యూరప్‌లో నూనె రాసిన గుడ్డ, పల్చగా చీల్చిన కొమ్ము, తోలు కాగితం బిగించేవారు. కిటికీ అద్దం పలకను ఇంగ్లీషులో ‘పేన్’ అంటారు. అది లాటిన్‌లో గుడ్డ ముక్క అనే అర్థమున్న మాట నుంచే వచ్చింది.

పాతకాలంలో అద్దం పలక చేసే తీరు చెప్పుకోదగ్గది. కరిగిన గాజును పొడవాటి గొట్టం చివర అంటించి నోటితో ఊది బుడగ చేసేవారు. దాన్ని ఇంకో ఇనుప కడ్డీకి అంటించి, గొట్టం వైపు తెరిచి, కొలిమి ముందు మళ్ళీ వేడి చేస్తూ గిరగిరా తిప్పేవారు. వేగం పెరిగేకొద్దీ బుడగ మూతి వెడల్పై వెడల్పై, ఒక్కసారిగా పళ్ళెంలా విచ్చుకునేది. మీటరు దాటిన వెడల్పుతో పల్చటి గాజు పళ్ళెం. చల్లారాక దాన్ని పలకలుగా కోసేవారు. కడ్డీ అంటించిన నడిమధ్య మాత్రం బొడిపె మిగిలేది. దాంట్లోంచి చూస్తే అవతలిది వంకరటింకరగా కనిపిస్తుంది కాబట్టి ఆ ముక్కను చవగ్గా అమ్మేవారు. పశువుల కొట్టాలకో, తలుపు పైన వెలుతురు రావడానికో పెట్టేవారు. దాని పేరు ‘బుల్స్ ఐ’. మళ్ళీ ఎద్దు కన్నే. ఇప్పుడు మన ఇళ్ళకు వేసే అలలు లేని అద్దం 1959లో పిల్కింగ్‌టన్ సంస్థ ప్రకటించిన పద్ధతిది. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలుస్తారు.

గోవాలో పాత పోర్చుగీసు కాలపు ఇళ్ళ కిటికీలకు అద్దం బదులు ఆల్చిప్పలు కనిపిస్తాయి. అరచేయంత ఉండి, వెలుతురు దూరేంత పల్చగా ఉంటాయవి. కొయ్య చట్రంలో వరసగా పేర్చి బిగించేవారు. ఎండ లోపలికి పాలరంగులో వస్తుంది. అందుకే ఆ జీవికి ఇంగ్లీషులో ‘విండో పేన్ ఆయిస్టర్’ అని పేరు. అదే జాతి మన కాకినాడ అఖాతంలోనూ ఉంది. అయితే ఇక్కడ ఆ చిప్పలు ఎక్కువగా సున్నానికే పోయాయి. కిటికీలకు వాడే అలవాటు ఈ తీరాన పాకలేదు.

కిటికీలకు పన్ను వేశారని విన్నాం, నిజమా?

నిజం. ఇంగ్లండ్‌లో 1696లో మూడో విలియం రాజు కాలంలో మొదలైంది, 1851 దాకా సాగింది. ఆదాయం లెక్క చెప్పమంటే జనం తమ సొంత వ్యవహారాల్లో తలదూర్చినట్టు భావించేవారు. కిటికీలైతే వీధిలో నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. పెద్ద ఇంటికి ఎక్కువ కిటికీలు ఉంటాయి కాబట్టి ఉన్నవాడే ఎక్కువ కడతాడన్నది లెక్క. మొదట్లో ప్రతి ఇంటికీ 2 షిల్లింగులు, కిటికీలు 10 దాటితే ఆపైన అదనం.

జనం చేసిన పని ఊహించగలిగిందే. కిటికీలను ఇటుకలతో పూడ్చేశారు. ఆ పూడ్చిన కిటికీలు బ్రిటన్‌లోని పాత వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. (అన్నీ పన్ను వల్ల పూడ్చినవి కావు. ముందు గోడ అందం కోసం మొదటినుంచీ ఉత్త కిటికీ ఆకారం కట్టినవీ ఉన్నాయి.) పల్లెలో చవక అద్దె ఇంటికి, లండన్‌లో ఎంతో ఖరీదైన ఇంటికంటే ఎక్కువ కిటికీలు ఉండొచ్చని, కాబట్టి ఈ పన్ను పేదవాడి మీదే పడుతుందని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ ఎత్తిచూపాడు. అసలు అన్యాయం నగరాల్లో జరిగింది. చాలా కుటుంబాలు అద్దెకుండే పెద్ద భవనాన్ని మొత్తం ఒకే ఇల్లుగా లెక్కగట్టేవారు. పన్ను తగ్గించుకోవడానికి యజమాని కిటికీలు మూసేసేవాడు. చీకట్లో, గాలాడని గదుల్లో జబ్బుపడేది అద్దెకున్నవాళ్ళు. ఇది ఆరోగ్యానికి చేటని వైద్యులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక గానీ పన్ను పోలేదు. ఫ్రాన్స్‌లో 1798లో మొదలైన తలుపుల, కిటికీల పన్నయితే 1926 దాకా నడిచింది.

‘డేలైట్ రాబరీ’ అనే నానుడి ఈ పన్ను నుంచే పుట్టిందా?

ఆన్‌లైన్‌లో అందరూ అలాగే రాస్తారు, కానీ నమ్మదగినది కాదు. పన్ను 1851లో పోయింది. నానుడి రాతల్లో కనిపించేది 20వ శతాబ్దంలో. పట్టపగలు దోపిడీ అన్న మామూలు అర్థమే చాలు.

విండో, విడో చుట్టాలా?

కాదు. స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా కాబట్టి పిల్లలు తికమకపడతారు. విడో అనేది పాత ఇంగ్లీషు సొంత మాట. మన ‘విధవ’కు అది ధాతువులోనే తోబుట్టువు.

సింగిల్ విండో అంటే ఏమిటి? సహకార సంఘానికి ఆ పేరెందుకు?

ఒకే కిటికీ దగ్గర అన్ని పనులూ అయిపోవడం. బ్యాంకులో, ఆఫీసులో గుమాస్తా కూర్చునే కౌంటర్‌ను ఇంగ్లీషులో విండో అంటారు కదా, అక్కడి నుంచి వచ్చింది. అంతకుముందు రైతుకు పంట అప్పు ఒకచోట, బావి తవ్వుకోవడానికో భూమి బాగుచేసుకోవడానికో ఇచ్చే దీర్ఘకాలిక అప్పు భూమి తనఖా బ్యాంకుల్లో ఇంకోచోట దొరికేది. 1987లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ విండో విధానం తెచ్చి రెండిటినీ ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల దగ్గరికే చేర్చారు.

విధానం పేరు జనం నోట్లో ఆఫీసు పేరైపోయింది. ‘ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం’ అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా, ఊళ్ళో అడిగితే ‘విండో ఆఫీసా? అదిగో ఆ గోడౌన్ పక్కన’ అంటారు. విండో చైర్మన్, విండో ఎలక్షన్లు, విండోలో తీసుకున్న లోను. యూరియాకు కొరత వచ్చిన ఏడు ఆ ఆఫీసు ముందు పొద్దున్నే చూడాలి. మనుషుల బదులు చెప్పులు వరసలో ఉంటాయి. ఒక్కో జత పక్కన పాసుబుక్కు జిరాక్సు, ఎగిరిపోకుండా దాని మీద రాయి. చెప్పుల సొంతదారులు చెట్టు కింద కూర్చుని షట్టర్ ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటారు. ఒక్క కిటికీ దగ్గర పని అవ్వాలన్న ఆ పేరు నిజం కావాలని ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్ళ కంటే గట్టిగా కోరుకునేవాళ్ళు ఉండరు.

ఇదే మాటను తర్వాత పరిశ్రమల అనుమతులకూ వాడారు. 2014లో తెలంగాణ తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం అలాంటిదే.

కంప్యూటర్‌లో విండో అనే మాట ఎవరు పెట్టారు?

1970లలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ఈ ఊహ రూపం దిద్దుకుంది. తెరను చదరపు ముక్కలుగా చేసి, ఒక్కో దాంట్లో ఒక్కో పని కనిపించేలా చేశారు. చట్రం ఉంది, లోపల ఏదో కనిపిస్తోంది, తెరవొచ్చు, మూయొచ్చు. ఇంకేం పేరు పెడతారు? మైక్రోసాఫ్ట్ తన సరుకుకు మొదట ‘ఇంటర్‌ఫేస్ మేనేజర్’ అనుకుంది. మార్కెటింగ్ చూసే రోలాండ్ హాన్సన్ పట్టుబట్టి విండోస్ అనిపించాడు. 1985 నవంబర్ 20న మొదటి వెర్షన్ విడుదలైంది. అందులో విండోలు గోడమీద కిటికీల్లాగే పక్కపక్కనే ఉండేవి, ఒకదాని మీద ఒకటి ఎక్కేవి కావు. అలా ఎక్కడం 1987లో వచ్చిన రెండో వెర్షన్‌తో మొదలైంది.

లాంచ్ విండో, విండో పీరియడ్ అన్నప్పుడు కిటికీ ఎక్కడుంది?

కాలంలో ఉంది. గోడలో కిటికీ ఉన్నంత మేరే అవతలికి దారి. అలాగే కాలంలో ఒక ముక్క మాత్రమే తెరిచి ఉంటుంది. మంగళయాన్ మంచి ఉదాహరణ. భూమి, అంగారకుడు ప్రయాణానికి అనువైన స్థితిలోకి సుమారు 26 నెలలకు ఒకసారి వస్తాయి. 2013లో ఆ కిటికీ అక్టోబర్ 28 నుంచి నవంబర్ 19 దాకా తెరిచి ఉంది. శ్రీహరికోట నుంచి నవంబర్ 5న రాకెట్ లేచింది. ఆ నవంబర్ దాటిపోయి ఉంటే 2016 దాకా ఆగాల్సి వచ్చేది.

విండో పీరియడ్ వైద్యంలో మాట. హెచ్‌ఐవీ లాంటి వైరస్ ఒంట్లోకి వచ్చాక అది పరీక్షలో బయటపడడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ లోపు పరీక్ష చేస్తే నెగెటివ్ అనే వస్తుంది. అందుకే డాక్టర్ కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించుకోమంటారు. టెన్షన్ పెట్టడానికి కాదు. మొదటి రిపోర్టు చూసి ఊరుకోకుండా రెండోసారి తప్పక వెళ్ళండి.

యుద్ధంలో కూడా ఈ మాట వాడారా?

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం ఒక రహస్య ఉపాయానికి విండో అని పేరు పెట్టింది. 1943 జులై 24 రాత్రి హాంబర్గ్ మీద దాడిలో విమానాల నుంచి అల్యూమినియం పూత ఉన్న కాగితం పీలికలు కట్టలు కట్టలుగా వదిలారు. ఒక్కోటి సుమారు 27 సెంటీమీటర్లు, జర్మన్ రాడార్ తరంగం పొడవులో సగం. రాడార్ తెర మీద ఎటు చూసినా విమానాలే కనిపించాయి. ఆ పేరుకు కిటికీతో ఏ పోలికా లేదు. పోలిక ఉంటే రహస్యం బయటపడుతుంది కదా.

కిటికీలోంచి తోసేయడానికి ప్రత్యేకంగా ఒక ఇంగ్లీషు మాట ఉందా?

డీఫెనెస్ట్రేషన్. ఇంగ్లీషులో ఓడిపోయిన ఫెనెస్ట్రా ఇక్కడ తలదాచుకుంది. 1618 మే 23న ప్రాగ్ కోటలో కేథలిక్ చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వాళ్ళ కార్యదర్శినీ ప్రొటెస్టెంటు ప్రభువులు కిటికీలోంచి కిందికి విసిరేశారు. సుమారు 21 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా ముగ్గురూ బతికారు. ఆ గొడవతో మొదలైన యుద్ధం మాత్రం 30 ఏళ్ళు సాగి మధ్య యూరప్‌ను వల్లకాడు చేసింది.

విండో షాపింగ్, విండో డ్రెస్సింగ్?

రెండూ పెద్ద పెద్ద అద్దాల షాపులు వచ్చాక, 19వ శతాబ్దంలో పుట్టినవి. మొదటిది కొనకుండా చూసుకుంటూ తిరగడం. ఫ్రెంచివాళ్ళు దీన్ని ‘అద్దాలు నాకడం’ అంటారు, ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. రెండోది షాపు అద్దం వెనక సరుకును అందంగా సర్దడం. అక్కడి నుంచి లెక్కల్లోకి పాకింది. మార్చి 31న ఖాతాలు బాగా కనిపించేలా కంపెనీలు చేసే సర్దుబాట్లను ఆడిటర్లు ఈ పేరుతోనే పిలుస్తారు.

ఇంటి ప్లానులో డబ్ల్యూ, వీ అని రాస్తారు. వెంటిలేటర్‌కూ విండోకూ సంబంధం ఉందా?

ఉంది. వెంటిలేటర్‌లో ఉన్నది లాటిన్ ‘వెంటుస్’, అంటే గాలే. ఒకటి లాటిన్ గాలి, ఇంకోటి నార్స్ గాలి. ప్లాను గీసేవాళ్ళకు తేడా ఎత్తులోనే. బాత్రూమ్‌లో, వంటింట్లో పైన పెట్టే చిన్నదాన్ని వీ అంటారు.

రెండు మాటలు ఇలా కలిసిపోయి గుర్తుపట్టలేనంతగా మారినవి ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. డెయిజీ పువ్వు ‘పగటి కన్ను’. పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది. లార్డ్ అంటే ‘రొట్టెను కాపాడేవాడు’, లేడీ అంటే ‘రొట్టె పిండి పిసికేది’. బార్న్ అంటే ‘బార్లీ కొట్టం’. ఇంగ్లీషులో ఈ అరుగుదలను పాత రాతలు తిరగేసి పట్టుకోవాలి. తెలుగులో కొన్నిటికి మన వ్యాకరణం సూత్రమే చెప్పింది. నడు, ఇల్లు కలిస్తే నట్టిల్లు. చిఱు, ఎలుక కలిస్తే చిట్టెలుక. నిడు, ఊర్పు కలిస్తే నిట్టూర్పు. పదో తరగతిలో ద్విరుక్త టకార సంధి అని బట్టీపట్టింది ఇదే.